బోరు గొట్టమునకు రంధ్రములు

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు నాకు అప్పగించిన విషయము లోహపు గొట్టములకు రంధ్రములు చేయుట. ఇది కర్మాగారములవారి పని గదా, పంచాయతీ సభ్యులకు దీనితో ఏమి నిమిత్తమని మీలో కొందరికి తోచియుండవచ్చును. గ్రామమునకు త్రాగునీటికై గొట్టపుబావి వేయించునపుడు మనము కొనువానిలో అన్నిటికంటె ముఖ్యమైనది రంధ్రములు గల గొట్టమే. మోటారు చెడినచో మార్చుకొనవచ్చును. స్టార్టరును, కేబులును మార్చుకొనవచ్చును. భూమిలోనికి దింపి, చుట్టును గులకరాళ్లు పోసిన గొట్టమును పైకి తీసి బాగుచేయుట మాత్రము దాదాపు అసాధ్యము. కావున రంధ్రము వెడల్పెంత, దాని అంచు ఎట్లున్నది, మీటరు పొడవున అట్టివి ఎన్ని యున్నవి అను మూడు సంగతులను గొట్టము నేలమీద నున్నపుడే చూచుకొనవలెను.

ఇది అన్ని గ్రామములకు ఒకే తీరున వర్తించునది కాదు. తెలంగాణలోను, రాయలసీమలోను అధిక భాగము గట్టి రాతినేల. అచ్చట బోరు వేయునపుడు పైనున్న మన్నును, మెత్తబడిన రాతిని దాటువరకే కేసింగు పైపు దింపుదురు. దానికి దిగువ గొట్టముండదు. రాతి పగుళ్లనుండి నీరు నేరుగా బోరులోనికి చేరును. అట్టి త్రాగునీటి బోరులో కేసింగునకు రంధ్రములు లేకుండుటయే మేలు. అచ్చట గొట్టము పని, పైనుండి దిగు మురికినీటిని అడ్డుకొనుట. కొందరు రైతులు వాననీటిని బోరులోనికి ఇంకించుటకై కేసింగు చుట్టును గుంట త్రవ్వి, గొట్టమునకు రంధ్రములు చేసి, వల చుట్టి, గుంటను రాళ్లతోను ఇసుకతోను నింపుచున్నారు. పొలములోని సాగుబోరుకు ఆ ఉపాయము మంచిదే. ఊరి నడుమ, మురుగుకాలువ ప్రక్కనున్న త్రాగునీటి బోరుకు దానిని అనుకరింపరాదు.

కృష్ణా గోదావరి డెల్టాలలోను, పెన్న మొదలగు నదుల ఒండ్రునేలలలోను, సముద్రతీరపు ఇసుకనేలలలోను, రాజమహేంద్రవరపు ఇసుకరాయి యున్న మెట్ట ప్రాంతములలోను సంగతి వేరు. అచ్చట నీరు ఇసుకపొరలలో నుండును. గొట్టము లేనిచో బోరు నిలువదు, కూలిపోవును. గొట్టము పూర్తిగా మూసియుండినచో నీరు రాదు. నీటిని రానిచ్చి ఇసుకను ఆపునట్టి ద్వారములు గొట్టమునకు కావలెను. నేను చెప్పబోవునది ప్రధానముగా ఈ గ్రామముల కొరకు.

ఈ పద్ధతి నేటిది కాదు. 1867-68 లో బొంబాయినుండి బయలుదేరిన బ్రిటిషు సేన అబిసీనియాపై, అనగా నేటి ఇథియోపియాపై, దండెత్తినపుడు నార్టన్ పేరిట ప్రసిద్ధమైన సన్నని ఇనుప గొట్టములను వెంట గొనిపోయెను. గొట్టము కొన మొనదేలి యుండును. మొనకు పైభాగమున చిన్న చిన్న రంధ్రములుండును. బరువుతో మోది నేలలోనికి దిగగొట్టి, పైన చేతిపంపు బిగించెడివారు. అందుచే అట్టి బావికి ఇంగ్లండులో అబిసీనియా బావి యను పేరు నిలిచినది. మన కోస్తా రైతులు వేసికొను ఫిల్టరు పాయింటు దానికి దగ్గరి చుట్టమే. 1960 దశకపు చివర బీహారులోని కోసీ నదీ ప్రాంతమున ఇనుప గొట్టము కొనలేని రైతులు వెదురు బద్దలను ఇనుప కట్లపై వరుసగా బిగించి, పైన కొబ్బరి త్రాడు చుట్టి గొట్టపుబావులు వేసికొనిరి. ద్వారము చేయు పదార్థమేదైనను సూత్రమొక్కటే.

ఇక పనిలోనికి వత్తము. ఇనుప రేకునకు రంధ్రము చేయుట కంటికి సులభముగా కనబడును. క్రింద రంధ్రము గల ఉక్కు దిమ్మ యుండును, దానిని డై అందురు. పైనుండి దిగు ఉక్కు కడ్డీని పంచ్ అందురు. నడుమ రేకునుంచి ప్రెస్సును నొక్కినచో బిళ్ల తెగి క్రింద పడును. మన కమ్మరి కొలిమిలో కాల్చిన బద్దను దాగలిమీద నుంచి సమ్మెటతో చిల్లు పొడుచునది కూడ ఇదే పద్ధతి. చల్లని ఇనుమును తెగగొట్టుటకు కావలసిన బలము మాత్రము మనము ఊహించుదానికంటె చాల ఎక్కువ. రంధ్రపు చుట్టుకొలతను రేకు మందముతో హెచ్చించి, దానిని ఇనుము తెగు శక్తితో హెచ్చించవలెను. మెత్తని ఉక్కు తెగుటకు చదరపు మిల్లీమీటరునకు సుమారు 35 కిలోల బలము కావలెననుకొందము. 5 మి.మీ. మందముగల రేకున 20 మి.మీ. రంధ్రము చేయుటకు దాదాపు 11 టన్నుల బలము కావలెను. ఒక్క చిల్లునకు ఒక లారీ మోయు బరువు!

రేకునకు బదులు గొట్టమైనచో మరియొక చిక్కు వచ్చును. గొట్టము లోపల ఖాళీ. పైనుండి పదునొకండు టన్నులు మోపినచో చిల్లు పడుటకు ముందే గోడ లోనికి నొక్కుకొనిపోవును. ఈ చిక్కు మన స్వర్ణకారులకు తెలియనిది కాదు. లోపల బోలుగా నున్న కడియముపై నగిషీ చెక్కునపుడు వారు ముందుగా దానిలో లక్క పోసి నింపుదురు. లోపలనుండి ఆనిక యుండుటచే బంగారము సొట్టపోదు. పైపులు వంచువారు లోపల ఇసుక కూరుటయు ఇందులకే. కర్మాగారములో లక్కకు బదులు, గొట్టము లోపలికి సరిగా పట్టు ఉక్కు దిండును చొప్పింతురు. దానిని మాండ్రెలు అందురు. డై ఆ మాండ్రెలునందే అమర్చబడి యుండును. తెగిన బిళ్ల మాండ్రెలు కడుపులోని దారిగుండ బయటికి జారిపోవును. మోటారు వాహనముల చట్రములు చేయువారు మరియొక ఉపాయము పన్నిరి. గొట్టములో నీటిని మిక్కుటమైన ఒత్తిడితో నింపి, ఆ నీటినే ఆనికగా చేసికొని రంధ్రము పొడుతురు. బెంచీలు, మంచములు, గేట్లు, వీథిదీపపు స్తంభములు మొదలగు గొట్టపు పనులన్నిటిలోను ఈ లోపలి ఆనిక సమస్య ఏదో విధముగా ఎదురగుచునే యుండును.

మాండ్రెలు పద్ధతికి ఒక హద్దు కలదు. ఆరు మీటర్ల బోరు గొట్టము నడుమకు చేరవలెనన్న అంత పొడవైన చేయి కావలెను. చేయి పొడవైనకొలది బరువునకు వంగును. అందుచే బావి గొట్టముల విషయమున చాలచోట్ల వరుసనే తలక్రిందులు చేయుదురు. ముందు చదునైన రేకునకు రంధ్రములు పొడిచి, పిదప దానిని గుండ్రముగా చుట్టి, అతుకును వెల్డింగు చేయుదురు. గొట్టమునకు చిల్లు పెట్టుటకు బదులు చిల్లుల రేకునే గొట్టముగా చేయుటన్నమాట. ఇది నాకు మిక్కిలి నచ్చిన ఉపాయము.

పంచ్ చేసిన రంధ్రమును భూతద్దముతో చూచినచో దానిలో ఒక విశేషము కనబడును. పంచ్ దిగిన వైపు అంచు కొంచెము గుండ్రముగా లోనికి ఒరిగి యుండును. దాని క్రింద నునుపైన పట్టీ, ఆ క్రింద గరుకుగా చీలిన భాగము ఉండును. బిళ్ల ఊడిన వైపున ముల్లువంటి లోహపు అంచు మిగిలి యుండును, దీనిని వర్కుషాపువారు బర్ అందురు. డై రంధ్రము పంచ్‌కంటె కొంచెము పెద్దది గావున ఆ వైపున రంధ్రము కొంచెము వెడల్పగును. దీనివలన బావికి మేలు కలదు. బయటినుండి లోపలికి పొడిచినట్లుండినచో ద్వారము బయట ఇరుకు, లోపల విశాలము. ద్వారపు అంచును దాటగలిగిన ఇసుకరేణువు నడుమ ఇరుకుకొనక లోపలికి పోవును. అదే తారుమారైనచో రేణువు గొంతులో చిక్కి దారిని మూయును. లోపలివైపు మిగిలిన బర్‌ను మాత్రము అరగదీసి తీసివేయవలెను. లేనిచో బావిని శుభ్రపరచుటకు దింపు పనిముట్లకు అది తగులును. తుప్పు పట్టుట కూడ అచ్చటనే మొదలగును.

గుండ్రని చిల్లుకంటె పొడవాటి చీలిక మేలు. గుండ్రని చిల్లును ఒక్క గులకరాయి వచ్చి మూతవలె మూసివేయగలదు. పొడవాటి చీలికను ఒక్క రాయి పూర్తిగా మూయలేదు. ఈ చీలికనే మన బోరు పనివారు స్లాటు అందురు. మన దేశమున వాడు స్లాటు గొట్టములలో 1.6 మి.మీ. వెడల్పు, 75 మి.మీ. పొడవుగల స్లాటు తరచుగా కనబడును.

ఇచ్చట పంచ్ పద్ధతికి పెద్ద అడ్డంకి వచ్చును. మందమైన గొట్టమున అంత సన్నని స్లాటును పొడుచుట సాధ్యము కాదు. లెక్క చూడుడు. 5 మి.మీ. మందమున 1.6 మి.మీ. వెడల్పు, 75 మి.మీ. పొడవు స్లాటు పొడుచుటకు సుమారు 27 టన్నుల బలము కావలెను. ఆ బలమంతయు 120 చదరపు మిల్లీమీటర్ల సన్నని పంచ్ మోయవలెను. అనగా చదరపు మిల్లీమీటరునకు 220 కిలోలకు పైగా. గట్టిపరచిన ఉక్కుకైనను అది శక్తికి మించిన భారము. పంచ్ వంగును, లేదా విరుగును. రేకు మందముకంటె సన్నని రంధ్రమును పంచ్‌తో పొడువబోవద్దని పనివారు చెప్పు నియమమునకు కారణమిదియే.

దీనిని దాటుటకు రెండు మార్గములున్నవి. మొదటిది, పొడుచుట మాని, పలుచని చక్రపు రంపము వంటి కట్టరుతో స్లాటును కోయుట. మెల్లగా సాగు పని యైనను అంచు శుభ్రముగా వచ్చును. నేడు కొన్ని కర్మాగారములలో లేసరు కిరణముతో కోయుదురు. రెండవది వంతెన స్లాటు. రేకునుండి బిళ్లను ఊడదీయక, రెండు ప్రక్కల చీల్చి నడిమి భాగమును వంతెనవలె బయటికి ఉబ్బింతురు. నీరు వంతెన క్రిందుగా ఇరుప్రక్కలనుండి ప్రవేశించును. ఆ సందు ఎంత సన్నగా నుండవలెనో ఉబ్బును బట్టి అంత సన్నగా అమర్చుకొనవచ్చును, రేకు మందముతో నిమిత్తము లేదు. ఇవి గాక ముక్కోణపు తీగను కడ్డీల చుట్టును చుట్టి చేసిన గొట్టములు కలవు. అవి శ్రేష్ఠమైనవి, వెల కూడ ఎక్కువ. ప్లాస్టిక్ గొట్టముల స్లాటులను యంత్రపు రంపముతోనే కోయవలెను. కాల్చిన ఇనుప కడ్డీతో పొడిచిన ప్లాస్టిక్ గొట్టమును త్రాగునీటి బావిలోనికి దింపనీయవలదు. ఆ చిల్లులలో రెండు ఒక్క కొలతగా నుండవు.

మూడవ మార్గము కూడ ఒకటున్నది, దానిని గూర్చియే నేను మీతో ముఖ్యముగా మాట్లాడవలసి యున్నది. చాలచోట్ల మామూలు గొట్టమును బోరు దగ్గరకే తెచ్చి, గ్యాసు మంటతో అక్కడికక్కడ చీలికలు కోయుదురు. త్వరగా ముగియును, ఖర్చు తక్కువ. "అంతయు భూమిలోపలికి పోవునదే గదండీ, ఎవరు చూతురు" అను మాట ఆ సందర్భమున వినబడును. మంటతో కోసిన చీలిక ఒకచోట మూడు మిల్లీమీటర్లు, మరియొకచోట అయిదు. అంచున కరిగి గడ్డకట్టిన చిట్టెము వ్రేలాడుచుండును. కాలిన అంచు త్వరగా తుప్పు పట్టును. చీలికలను దగ్గరదగ్గరగా కోసినచో గొట్టము బలహీనమగునని భయపడి పనివాడు దూరదూరముగా కొన్నిటిని మాత్రమే కోయును. ఆ విధముగా స్లాటు వెడల్పెక్కువ, సంఖ్య తక్కువ యగును. ఉండవలసినది సరిగా దీనికి విరుద్ధము.

సంఖ్య తక్కువైనచో నేమగునో ఒక ఊరి లెక్కతో చూతము. రెండువేల జనాభాగల గ్రామమునకు, 2019 లో ఆరంభమైన జల జీవన్ మిషను ప్రమాణము ననుసరించి తలకు రోజునకు 55 లీటర్ల చొప్పున 1,10,000 లీటర్లు కావలెను. మోటారు రోజునకు ఎనిమిది గంటలు నడచుననుకొన్నచో సెకనునకు సుమారు 3.8 లీటర్లు బావిలోనికి రావలెను. రంధ్రములోనికి నీరు ప్రవేశించు వేగము సెకనునకు 3 సెంటీమీటర్లు మించకుండ చూచుకొనుట బావుల ఇంజనీర్లు సాధారణముగా పాటించు నియమము. వేగము హెచ్చినచో నీటితో ఇసుక కదలును, స్లాటులలో సున్నపు పొర పేరుకొనును.

200 మి.మీ. వెలుపలి వ్యాసముగల గొట్టమునకు మీటరు పొడవున ఉపరితలము సుమారు 6,280 చదరపు సెంటీమీటర్లు. అందు పదవవంతు తెరచియున్నదనుకొందము, అనగా 628 చదరపు సెంటీమీటర్లు. నేను చెప్పిన స్లాటు ఒకటి 1.2 చదరపు సెంటీమీటర్లు గావున మీటరునకు సుమారు 520 స్లాటులుండవలెను. బయటి గులకరాళ్లు, ఇసుక కలిసి సగము తెరపును మూయుననుకొన్నను మీటరునకు సెకనునకు 0.94 లీటరు వచ్చును. నాలుగు మీటర్ల స్లాటు గొట్టముతో ఊరికి నీరు సరిపోవును. అదే గొట్టమున మీటరునకు నూరు స్లాటులే యున్నచో, అంత నీరు అదే వేగముతో రావలెనన్న ఇరువది యొక్క మీటర్ల గొట్టము కావలెను! అంత మందముగల ఇసుకపొర అన్నిచోట్ల దొరకదు. దొరకనపుడు నాలుగు మీటర్లే దింపుదురు. మోటారు తన శక్తికొలది లాగును. నీరు అయిదు రెట్ల వేగముతో ప్రవేశించును, దానితో ఇసుక వచ్చును. ఇసుక పంపులోని చక్రములను అరగదీయును. బావి అడుగున పేరుకొని స్లాటులను లోపలినుండి మూయును. గొట్టము వెలుపల ఖాళీ యేర్పడి పైనేల క్రుంగును. ఆ ఊరివారు రెండేండ్లు మోటారును బాగుచేయించి, పిదప భూగర్భజలము అడుగంటినదని చెప్పుకొందురు. నీరు అచ్చటనే యుండును, దారి మాత్రము మూసికొనిపోయి యుండును.

వెడల్పు విషయము ఇసుకను బట్టి నిర్ణయింపవలెను. బోరు వేయునపుడు పొరపొరకు వచ్చిన ఇసుకను వేర్వేరు సంచులలో దాచి జల్లెడ పట్టించవలెను. నేలలోని ఇసుకరేణువుకంటె నాలుగు నుండి ఆరు రెట్లు పెద్దవైన గులకలను గొట్టము చుట్టును పోయుదురు. ఆ గులకలలో నూటికి తొంబదివంతులను ఆపునట్లు స్లాటు వెడల్పును నిర్ణయింతురు. ఉదాహరణకు ఇసుకరేణువు అర మిల్లీమీటరైనచో గులకలు రెండు మూడు మిల్లీమీటర్లు, స్లాటు 1.6 మి.మీ. సరిపడును. ఎస్టిమేటులో గ్రావెలు అని వ్రాసియున్నచో కొంచెము జాగ్రత్త వహింపుడు. మన వైపున ఆ మాటకు రోడ్డుమీద పోయు ఎర్రమట్టి యను అర్థము స్థిరపడి యున్నది. బావి చుట్టును పోయవలసినది కడిగిన, గుండ్రని నదీ గులకలు.

మీరు చేయదగిన పరీక్షలు కష్టమైనవి కావు. గొట్టములను లారీనుండి దింపిన నాడు ఇద్దరు సభ్యులు అచ్చట నుండవలెను. మోటారు సైకిలు మెకానిక్కువద్ద ఫీలరు గేజి యను పలుచని ఉక్కు రేకుల కట్ట యుండును. ప్రతి రేకుపై దాని మందము చెక్కియుండును. కొన్ని రేకులను జతచేసి 1.6 మి.మీ. చేసి, గొట్టమునకు పది పదిహేను చోట్ల స్లాటులలో దూర్చి చూడుడు. ఒకచోట దూరక, మరియొకచోట వదులుగా ఊగులాడినచో ఆ గొట్టమును ప్రక్కన పెట్టింపుడు. పిదప ఒక మీటరు కొలిచి సుద్దతో గీత గీసి స్లాటులను లెక్కింపుడు. ఒక వరుసను లెక్కించి వరుసల సంఖ్యతో హెచ్చించినచో చాలును. గొట్టము లోపల వ్రేలు పెట్టి చూచునపుడు మాత్రము మెల్లగా చూడుడు, బర్ యున్నచో తెగును. నూలుగుడ్డను కర్రకు చుట్టి లోపల త్రిప్పినచో ముండ్లు ఎచ్చట నున్నవో గుడ్డయే చెప్పును.

స్లాటు గొట్టములకు భారత ప్రమాణము ఐ.ఎస్. 8110. ఉక్కు బావి గొట్టములకు ఐ.ఎస్. 4270. ప్లాస్టిక్ బావి గొట్టములకు ఐ.ఎస్. 12818. బావి నిర్మాణమునకు, పరీక్షకు ఐ.ఎస్. 2800. ఈ నాలుగు అంకెలను టెండరు కాగితమున వ్రాయించినచో తరువాతి వాదములు చాలవరకు తగ్గును. వ్రాయనిచో ఇంజనీరుగారైనను గుత్తేదారును నిర్బంధించుటకు ఆధారముండదు. 1992 నాటి రాజ్యాంగ 73వ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో త్రాగునీరు పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో నొకటి. గొట్టమును పరీక్షింప నడుగుట అధికప్రసంగమని ఎవరైనను అన్నచో ఆ మాట జ్ఞప్తికి తెచ్చుకొనుడు. బోరు వేయుటకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము క్రింద పొందవలసిన అనుమతి సంగతి మీకు వేరొక తరగతిలో చెప్పుదురు గావున నేను దానిలోనికి పోను.

డెల్టాలో సముద్రమునకు సమీపముననున్న గ్రామములవారు మరియొక సంగతి గమనింపవలెను. అచ్చట మంచినీటి పొర పలుచగా ఉప్పునీటిపై తేలుచుండును. స్లాటు గొట్టమును ఎంత దిగువకు దింపినచో అంత నీరు వచ్చునను భ్రమతో ఉప్పుపొర దగ్గరకు దింపినచో కొలది నెలలలోనే నీరు ఉప్పగును. ఒకసారి పైకి లాగబడిన ఉప్పునీరు మోటారు ఆపినంత మాత్రమున వెంటనే దిగిపోదు. అచ్చట తక్కువ లోతున, ఎక్కువ స్లాటులతో, చిన్న మోటారుతో మెల్లగా తోడుట మేలు. రంధ్రముల నాణ్యత మరింత అవసరమైనది ఇట్టి బావులకే.

గొట్టమును దింపిన పిదప, ఏ లోతునుండి ఏ లోతువరకు మూసిన గొట్టమున్నదో, ఎచ్చట స్లాటు గొట్టమున్నదో, స్లాటు వెడల్పెంతో, మీటరునకు ఎన్నియో, గులక పరిమాణమేమో పంచాయతీ రిజిస్టరులో ఒక పుట కేటాయించి వ్రాయింపుడు. పదేండ్ల తరువాత బావి శుభ్రపరచుటకు వచ్చువాడు మొదట అడుగునది ఆ పుటనే. వీలైనచో అదే గొట్టమునుండి అడుగు పొడవు ముక్కను కోయించి, తేదీ వ్రాసి పంచాయతీ కార్యాలయమున ఉంచుడు. తరువాతి బోరునకు గొట్టములు వచ్చిన నాడు ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనుటకు అంతకంటె మంచి కొలబద్ద దొరకదు.